ముక్కు ఒక గట్టు, కళ్లు రెండు నీడలు: బ్రాంకూషి మనిషిని ఎందుకంత తగ్గించాడు?

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా ముందు మా చిన్నమ్మ కదలకుండా పావుగంట నిలబడింది. పాలరాతి మొహం, దాని మీద పాలరాతి ముసుగు, ఆ ముసుగులోంచి ముక్కు, పెదవులు, కిందికి వాల్చిన కళ్లు అన్నీ లీలగా తెలుస్తుంటాయి. ఇటలీ శిల్పి బెంజోనీ పనితనం అది, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నారు. "రాయా, గుడ్డనా బిడ్డా ఇది?" అని నన్ను రెండుసార్లు అడిగింది. బయటికొచ్చి చాయ్ తాగుతూ ఆమెకు ఫోన్లో ఇంకో బొమ్మ చూపించాను. కంచు తల ఒకటి, మెడ లేదు, భుజాల్లేవు, పక్కకు ఒరిగి నిద్రపోతున్నట్టు పడి ఉంటుంది. కోడిగుడ్డులా నున్నగా ఉన్న ఆ తల మీద కనుబొమ్మల నుంచి దిగే ముక్కు ఒక సన్నటి గట్టు, మూసిన కళ్లు ఉన్నాయా లేవా అన్నట్టు రెండు ఉబ్బులు, చిన్న నోరు, వెనక్కి దువ్విన జుట్టుకు కొన్ని గాళ్లు, అంతే. చిన్నమ్మ ఫోన్ దగ్గరికి జరుపుకుని చూసి, "సగంల ఇడిసిపెట్టినట్టున్నడు గదా, పూర్తిగ చెక్కలె?" అంది.

ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది. ఆ మాట నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది, ఎందుకంటే ఇలాంటి శిల్పం ముందు నిలబడిన ప్రతి ఒక్కరికీ లోపల వచ్చే ప్రశ్న ఇదే, చాలామంది బయటికి అడగరు. చెయ్యడం రాక వదిలేశాడా, బద్ధకమా, లేక మనకు తెలియని రహస్యం ఏదైనా ఉందా?

ఆ తల చేసింది కాన్‌స్టాంటిన్ బ్రాంకూషి. రొమేనియాలోని హోబిట్సా అనే పల్లెలో పుట్టాడు, అది కూడా 1876లోనే, అంటే రెబెక్కా సాలార్‌జంగ్ చేతికి వచ్చిన ఏడాదే. 1904లో పారిస్ చేరాడు, 1957లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. మనం చూసిన తల పేరు ‘నిద్రలో ఉన్న కళాదేవి’ అనుకోవచ్చు, పాలరాతిలో చెక్కాక 1910లో కంచులో పోశాడు.

ముందు ‘చెయ్యడం రాక’ అనే అనుమానం తీర్చేద్దాం. బుఖారెస్ట్‌లో చదువుకునే రోజుల్లో జెరోటా అనే డాక్టర్ దగ్గర శరీర నిర్మాణం నేర్చుకుని, ఆయన సాయంతో చర్మం ఒలిచిన మనిషి బొమ్మ ఒకటి చేశాడు. తొడ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతుంది, భుజం కింద నరం ఎటు పోతుంది, అన్నీ ఎంత కచ్చితంగా ఉన్నాయంటే దాన్ని వైద్య విద్యార్థులకు పాఠం చెప్పడానికి వాడారు. కాబట్టి ముక్కును ఒక్క గట్టుగా మార్చిన మనిషికి ముక్కులో ఎన్ని ఎముకలున్నాయో, ఎన్ని మృదులాస్థులున్నాయో బాగా తెలుసు. తెలిసే వదిలేశాడు. అయితే ఎందుకు?

దీనికి జవాబు సగం పని చేసే పద్ధతిలో ఉంది. ఆ రోజుల్లో యూరప్‌లో పెద్ద శిల్పి అంటే మట్టితో నమూనా చేసేవాడు. దాన్ని ప్లాస్టర్‌లో అచ్చు తీసి, కొలతలు తీసే పరికరం పెట్టి, చుక్కలు గుర్తు పెట్టుకుంటూ పనివాళ్లు పాలరాతిలోకి దించేవాళ్లు. ఆ కాలంలో అందరికంటే పెద్ద పేరున్న రోదాఁ వర్క్‌షాపులో కూడా ఇదే పద్ధతి. 1907లో బ్రాంకూషికి అక్కడ పని దొరికింది, ఎంతోమంది శిల్పులు ఎదురుచూసే అవకాశం. నెలా రెండు నెలలు ఉండి బయటికొచ్చేశాడు. పెద్ద చెట్ల కింద ఏదీ పెరగదు అన్నాడట, మన మర్రిచెట్టు నీడ సామెత లాంటి మాటే.

బయటికొచ్చి ఏం చేశాడంటే, నేరుగా రాయి దగ్గర కూర్చున్నాడు. మట్టి నమూనా లేదు, పనివాళ్లు లేరు, తన చేతిలో ఉలి. ఇది వినడానికి చిన్న మార్పే గానీ బొమ్మ ఆకారాన్నే మార్చేస్తుంది. మట్టితో చేసేటప్పుడు పదార్థం కలుపుతూ పోతాం, చెంప మీద ఇంకాస్త, ముక్కు మీద ఇంకాస్త, తప్పయితే మళ్లీ నొక్కేయొచ్చు. రాయిలో కలపడం అనేదే ఉండదు. తీసేయడమే, తీసేసింది మళ్లీ రాదు. అందుకని రాతి శిల్పి ప్రతి దెబ్బకూ ఇది తీసేయాలా, ఉంచాలా అని తేల్చుకోక తప్పదు. అదీకాక రాయికి ముందే ఒక ఒళ్లు ఉంటుంది, దిమ్మగా, బరువుగా. దాంట్లోంచి చాపిన చెయ్యి బయటికి తీస్తే ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. చెయ్యిని ఒంటికి అతికించి పెడితే నిలుస్తుంది.

‘ముద్దు’ అని అతను 1907–08లో చెక్కిన చిన్న శిల్పం చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. అడుగు ఎత్తు కూడా ఉండదు. రోదాఁకి కూడా అదే పేరుతో ప్రసిద్ధమైన శిల్పం ఉంది, దాంట్లో ఇద్దరి వెన్నెముకలు, కండరాలు, వేళ్ల ఒత్తిడి అన్నీ తెలుస్తాయి, అది గొప్ప శిల్పం, సందేహం లేదు. బ్రాంకూషిది మాత్రం ఒక రాతిదిమ్మ. చెక్కిన తర్వాత కూడా దిమ్మలాగే ఉంటుంది. మధ్యలో నిలువునా ఒక గాడి, అటు ఒకరు ఇటు ఒకరు. చేతులు బద్దల్లాగా చదునుగా ఒకరినొకరు చుట్టుకుని ఉంటాయి. ఇప్పుడు కళ్ల దగ్గర చూడండి: ఆమె కన్ను సగం, అతని కన్ను సగం, మధ్యలో గాడి, పక్కనుంచి చూస్తే రెండూ కలిసి ఒకే కన్నులా కనిపిస్తాయి. పెదవులూ అంతే. ఆడమనిషి అని తెలియడానికి జుట్టు కాస్త పొడుగు, ఛాతీ దగ్గర కొద్దిపాటి ఉబ్బు. ఇద్దరు మనుషులు విడిపోలేనంతగా దగ్గరయ్యారు అన్న సంగతి కండరాలతో చెప్పనక్కర్లేకుండా పోయింది, ఎందుకంటే వాళ్లు నిజంగానే ఒకే రాయి.

తగ్గించడం అంటే నాకు అర్థమైంది ఇదే. ఒకదాన్ని తీసేసినప్పుడు అది మోస్తున్న బరువు ఎక్కడికీ పోదు, మిగిలినదాని మీద పడుతుంది. వంద వివరాలున్న మొహంలో ముక్కు కాస్త అటూ ఇటూ అయినా మిగతావి కాపాడతాయి. మూడే గీతలున్న మొహంలో ఒక గీత వెంట్రుకవాసి జరిగితే మొత్తం చెడిపోతుంది. కంచు తలను ‘కోడిగుడ్డు’ అనేశాను కదా, సరిగ్గా చూస్తే అది గుడ్డు ఆకారం కూడా కాదు. చెంప ఆనిన చోట బరువు దిగినట్టు ఉంటుంది. నిద్రపోతున్న పసిపాప తల దిండు మీద ఎలా ఆనుతుందో అలా. అచ్చు గుడ్డులా చేసి ఉంటే అది దొర్లిపోతుందనిపిస్తుంది, నిద్ర అనిపించదు.

ఈ తల ఒక్కసారిగా పుట్టలేదు, అది తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1908లో ‘నిద్ర’ అని ఒకటి చెక్కాడు. అందులో మొహం సహజంగా ఉంటుంది, సగం మొహం చెక్కని గరుకు రాయిలో కూరుకుపోయి ఉంటుంది, రోదాఁ ప్రభావం ఇంకా పోలేదు. రెండేళ్లకు ఆ గరుకు రాయి పోయింది, తల విడిగా వచ్చేసింది, అదే మనం చూసిన కళాదేవి. 1911లో ‘ప్రొమీథియస్’ అని ఒక గ్రీకు పురాణ పాత్ర తల చేసేసరికి దాదాపు గోళం, మెడ ఛాయ, ముక్కు చెవుల జాడ, అంతే. 1915లో ‘అప్పుడే పుట్టినవాడు’ వచ్చింది: అండాకారాన్ని ఒకచోట ఏటవాలుగా కోసినట్టు ఒక చదును, ఆ చదునే బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్న నోరు. దాన్ని మొదటిసారి ఫొటోలో చూసినప్పుడు నాకేమీ అర్థం కాలేదు, పేరు చదివాక ఆ ఏడుపు వినిపించింది, ఆ తర్వాత ఇంక వేరేలా చూడలేకపోయాను. చివరికి 1920 ప్రాంతాల్లో ఒట్టి అండం మిగిలింది, దానికి ‘ప్రపంచపు మొదలు’ అని పేరు పెట్టాడు. పన్నెండేళ్లపాటు ఒకే తలను తిరిగి తిరిగి చేస్తూ, ప్రతిసారీ ఒకటి తీసేసి ఇంకా మనిషేనా అని చూసుకుంటూ వెళ్లాడు.

ఇక్కడ ఒక మాట విడదీసి చెప్పాలి, ఎందుకంటే మనం అన్నిటినీ కలిపి ‘మాడ్రన్ ఆర్ట్’ అనేస్తాం. నైరూప్యం అనే మాటను రెండు వేరు వేరు సంగతులకు వాడుతున్నాం. ఒకటి, అసలు బయట ఉన్న ఏ వస్తువుతోనూ మొదలుపెట్టకుండా ఆకారాలు, రంగులు, వాటి మధ్య సంబంధాలతోనే చేసే పని. రెండోది, మనిషితోనే మొదలుపెట్టి, మనిషినే పట్టుకుని, అక్కర్లేనిది తీస్తూ నైరూప్యం గుమ్మం దాకా వెళ్లడం. బ్రాంకూషి ఈ రెండో దారిలోని మనిషి. తన శిల్పాలను నైరూప్యం అంటే అతనికి కోపం వచ్చేది. పైపై రూపం నిజం కాదు, లోపలి సారమే నిజం, కాబట్టి నేను చేసేదే అసలైన వాస్తవికత అని వాదించేవాడు. ఆ వాదన మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అతని పని ఎటు నుంచి ఎటు నడిచిందో దాంట్లో తెలుస్తుంది.

ఇదంతా చిన్నమ్మకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఒకటి తట్టింది. ఆమె ప్రతి ఆషాఢంలో బోనం ఎత్తుకుని పోచమ్మ దగ్గరికి వెళ్తుంది. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్, లాల్‌దర్వాజ దాకా ఊరంతా కదిలే నెల అది. పెద్ద గుళ్ల సంగతి పక్కన పెట్టండి, మా బస్తీలో వేపచెట్టు కింద ఉన్న పోచమ్మ ఎలా ఉంటుంది? మోకాలెత్తు రాయి. ఉలి తగిలిన గుర్తు కూడా లేదు. పసుపు పూస్తారు, కుంకుమ బొట్లు పెడతారు, రెండు వెండి కళ్లు అతికిస్తారు. కళ్లు పెట్టనంతసేపూ రాయి. పెట్టగానే మనల్ని చూస్తుంది. ముక్కు ఏది, చెయ్యి ఏది, పూర్తిగా చెక్కలేదా అని చిన్నమ్మ ఏనాడూ అడగలేదు, ఎందుకంటే ఆమెకు అక్కడ తక్కువైనదేమీ కనిపించలేదు. బ్రాంకూషి పన్నెండేళ్లు నడిచి చేరిన చోటు మన బస్తీలకు ఎప్పటినుంచో తెలుసు. తేడా ఒప్పుకోవాలి: పోచమ్మ రాయిలో శక్తి భక్తి నుంచి వస్తుంది, బ్రాంకూషి రాయిలో ఆకారం నుంచే రావాలి. అయినా మన కంటికి ఎంత తక్కువ సరిపోతుందో అన్న సంగతి మాత్రం రెండుచోట్లా ఒకటే.

మనుషుల కళ్లు అలా తయారయ్యాయి. పుట్టిన కొద్ది గంటలకే పసిబిడ్డలు మొహంలాంటి అమరిక కనిపిస్తే అటు తల తిప్పుతారు. గోడ మీద పెచ్చులూడిన మరకలో, ప్లగ్ సాకెట్‌లో, లారీ ముందుభాగంలో మనకు మొహాలు కనిపిస్తూనే ఉంటాయి. శిల్పి సగం ఇస్తే మిగతా సగం మనమే పూర్తి చేస్తాం, అలా పూర్తి చేసినప్పుడు ఆ బొమ్మలో మనం కూడా చేరిపోతాం. సాయంత్రం దీపాలు వెలగకముందు ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్ మధ్య బుద్ధుణ్ణి చూడండి. అంత దూరానికి కళ్లు కనబడవు, పెదవులు కనబడవు, చీవరం మడతలు కనబడవు. తల, భుజాల వాలు, ఎత్తిన కుడిచెయ్యి, అంతే కనిపిస్తుంది. ఎవరో, ఏం చెబుతున్నాడో తెలియడానికి అది చాలు. ఇంకా వెనక్కి వెళ్తే అమరావతి తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి చెక్కనే లేదు, ఖాళీ ఆసనం, బోధివృక్షం, పాదముద్రలు చెక్కి ఆయన ఇక్కడే ఉన్నాడు అన్నారు.

మన శిల్పశాస్త్రం కూడా నరాలు, కండరాల లెక్కతో నడిచింది కాదు. మొహం పొడవును ఒక తాళంగా పెట్టుకుని ఒళ్లంతా తాళాల్లో కొలిచారు. ఆకారాలను బయటి వస్తువుల నుంచి తెచ్చుకున్నారు: చేపలాంటి కన్ను, శంఖంలాంటి మెడ, ఏనుగు తొండంలాంటి చెయ్యి, అరటిబోదెలాంటి తొడ. ఇవి కవుల వర్ణనలు మాత్రమే అనుకుంటాం గానీ, చెక్కేవాడికి ఇవి ఆకారం చెప్పే సూచనలు. తొడను అరటిబోదెగా చూడటం అంటేనే మోకాలిచిప్ప గతుకులు, నరాలు వదిలేసి నున్నగా సన్నబడే ఒక స్తంభాన్ని పట్టుకోవడం. రామప్ప గుడిలో చూరు కింద నిలబడ్డ నల్లరాతి మదనికలను ఈ దృష్టితో ఇంకోసారి చూడండి. హారాలు, గజ్జెలు గోటితో లెక్కపెట్టేంత వివరంగా ఉంటాయి, ఒళ్లు మాత్రం సాగి, సన్నగా, ఎక్కడా కండరం అనేది లేకుండా ఒకే వంపుగా పారుతుంది.

మళ్లీ బ్రాంకూషి దగ్గరికి. మార్గిట్ పొగానీ అనే హంగేరీ చిత్రకారిణి అతని ముందు చాలాసార్లు కూర్చుంది. కూర్చున్న ప్రతిసారీ అతను మట్టిలో ఆమె తల చేసేవాడు, ఆమెకు నచ్చేది, అతను నవ్వేసి మళ్లీ మట్టిలో కలిపేసేవాడు. ఆమె వెళ్లిపోయాక, 1912లో, ఎదురుగా ఎవరూ లేకుండా, గుర్తున్నదాన్ని బట్టి పాలరాతిలో చెక్కాడు. గుర్తున్నది ఏంటంటే పెద్ద కళ్లు, చెంపకు ఆనించిన చేతులు. ఇందులో నాకు చాలా నేర్చుకోవాల్సింది కనిపించింది. ఎదురుగా మనిషి ఉంటే అన్నీ కనిపిస్తాయి, ఏది ముఖ్యమో తెలియదు. మనిషి వెళ్లిపోయాక కొన్నే మిగులుతాయి. చనిపోయిన మనవాళ్లను తలుచుకున్నప్పుడు మనకు వాళ్ల మొహం పూర్తిగా గుర్తుకు రాదు, నవ్వినప్పుడు తల వెనక్కి వాల్చడమో, కొంగుతో మూతి తుడుచుకోవడమో ఒక్కటి వస్తుంది, ఆ ఒక్కదాంట్లో మనిషంతా ఉంటుంది. ఆ పొగానీ తలను 1913లో న్యూయార్క్‌లో ప్రదర్శిస్తే పత్రికలు గుడ్డు అని ఎగతాళి చేశాయి. అతను మాత్రం 1919లో మళ్లీ చేశాడు, 1931లో మళ్లీ చేశాడు, చివరిదాంట్లో ఆ పెద్ద కళ్లు కూడా కరిగిపోయి కనుబొమల వంపు మాత్రమే మిగిలింది.

కంచు శిల్పాలకు పెట్టిన మెరుగు సంగతి కూడా చెప్పాలి. పోత పోశాక చాలామంది అలాగే వదిలేస్తారు, లేదా రంగు ఎక్కిస్తారు. ఇతను ఆకురాళ్లతో, గరుకు కాగితాలతో రోజులకు రోజులు రుద్ది అద్దంలా చేసేవాడు. చింతపండుతో తోమిన ఇత్తడి బిందెలో మన మొహం అడ్డంగా సాగి కనిపిస్తుంది చూడండి, అలా అతని శిల్పంలో కిటికీ, గది, చూస్తున్న మనం కనిపిస్తాం. మనం కదిలితే అది మారుతుంది. వివరాలన్నీ తీసేసిన ఆ నున్నటి చోటును వెలుతురు నింపుతుంది. అందుకే ఫొటోలో సగమే తెలుస్తుంది, నేను చిన్నమ్మకు ఫోన్లో చూపించడం కూడా కొంత అన్యాయమే.

పోలిక ఉందా లేదా అన్న గొడవ కోర్టు దాకా వెళ్లింది కూడా. 1926లో అతని కంచు శిల్పం, అంతరిక్షంలో పక్షి, అమెరికా చేరితే కస్టమ్స్‌వాళ్లు ఇది కళ కాదు అన్నారు. కళాఖండమైతే పన్ను లేదు. వంటగది సామాన్లు, ఆసుపత్రి సామాన్ల పద్దు కింద రాసి 40 శాతం పన్ను వేశారు. రెక్కల్లేవు, ముక్కు లేదు, ఇది పక్షి ఎలా అవుతుందని విచారణలో అడిగారు. 1928లో తీర్పు బ్రాంకూషికి అనుకూలంగా వచ్చింది: పక్షిలా కనిపించకపోయినా అందమైన రేఖలున్న, శిల్పి చేతిలో తయారైన కళాకృతి ఇది, కళ గురించిన ఆలోచనలు మారాయి అని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు.

అలాగని నున్నగా, వివరాల్లేకుండా ఉన్నదల్లా గొప్ప అనుకోకండి, ఇది గట్టిగానే చెబుతున్నాను. వంచిన స్టీలు రేకులకు ‘తల్లీబిడ్డ’ అని పేరు పెట్టి చౌరస్తాల్లో నిలబెట్టినవి చాలా చూశాను, వాటిలో చాలావాటికి వెనక్కి వెళ్తే ఏమీ ఉండదు, ముందునుంచి చూసిన ఫొటోకే చేసినట్టుంటాయి. నేను చేసే పరీక్షలు రెండు. మొదటిది, చుట్టూ తిరిగి చూడటం. మంచి శిల్పం ప్రతి నాలుగు అడుగులకూ కొత్తగా మారుతుంది, అయినా అదే మనిషి అనిపిస్తుంది. రెండోది, ఇంకొక్కటి తీసేస్తే ఏమవుతుందో ఊహించుకోవడం. శాంతినికేతన్‌లో రాంకింకర్ బైజ్ 1935లో సిమెంటుతో చేసిన ఒక ఆడమనిషి ఉంది, చెట్ల మధ్య చెట్టులాగే సన్నగా, నిటారుగా. ఆయన గురువు నందలాల్ బోస్ చూసి తలమీద ఒక గిన్నె పెట్టమన్నారు. అంతే, ఆమె బుద్ధుడికి పాయసం తెచ్చే సుజాత అయిపోయింది. మొహం మారలేదు, ఒళ్లు మారలేదు. ఆ గిన్నె తీసేస్తే కథ పోతుంది, ఇంకో ఆభరణం కలిపితే ఆ నడక పోతుంది.

బ్రాంకూషి మన దేశానికీ వచ్చాడు. ఇందోర్ మహారాజు యశ్వంత్‌రావ్ హోల్కర్ అతని పక్షుల్ని మూడింటిని తీసుకున్నాడు, నల్ల పాలరాయి ఒకటి, తెల్లది ఒకటి, కంచుది ఒకటి. వాటికోసం ధ్యానమందిరం ఒకటి కట్టించాలనుకుని శిల్పిని పిలిపించాడు. 1938 మొదట్లో అతను ఇందోర్‌లో ఉన్నాడు, కానీ ఆ గుడి కట్టలేదు. నల్లపక్షి, తెల్లపక్షి ఇప్పుడు ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఉన్నాయి. ఆ మందిరం కట్టి ఉంటే ఒక రాత్రి రైలెక్కి వెళ్లి చూసి వచ్చేవాళ్లం అని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అతను 1920 ప్రాంతంలో చేసిన ఇంకో పాలరాతి అండానికి ‘చూపులేనివాళ్ల కోసం శిల్పం’ అని పేరు. చేత్తో చూడాల్సింది అన్నమాట. ఆ పేరు చదివిన రోజు నేను బాల్కనీలోకి వెళ్లాను. అక్కడ తులసికుండీ పక్కన మా అమ్మమ్మ రుబ్బురోలు పొత్రం ఉంది. రోలు ఎవరికో ఇచ్చేశాం, పొత్రం మాత్రం ఎందుకో ఉండిపోయింది. నల్లరాయి, కింద బొద్దుగా, పైన చెయ్యి పట్టేంత సన్నగా. కళ్లు మూసుకుని దాని మీద చెయ్యి పెట్టాను. కొట్టినవాడి ఉలిదెబ్బలు ఎక్కడా తగల్లేదు, నలభై ఏళ్ల పిండి వాటిని మింగేసింది. కింద అంతా ఒకేలా నున్నగా ఉంది, పైన మాత్రం ఒక పక్క కాస్త లోపలికి అరిగి ఉంది. నా కుడిచేతి బొటనవేలు సరిగ్గా అక్కడ పట్టలేదు. ఎడమచెయ్యి పెట్టి చూస్తే పట్టింది. అమ్మమ్మది ఎడమచేతివాటం.